పదకొండు ధ్వనుల భాషకు చుట్టాలెవరు?

అందరికీ నమస్కారం.

పపువన్ భాషలు అనగానే అదేదో ఒక భాషాకుటుంబం పేరు అనుకుంటాం. కాదు. పడమరన తిమోర్ నుంచి న్యూగినీ మీదుగా తూర్పున సాలమన్ దీవుల దాకా మాట్లాడే భాషల్లో, ఆస్ట్రోనీషియన్ కుటుంబంలో (మలయ్, హవాయియన్ లాంటివి ఇందులోవే) చేరనివన్నీ పపువన్. అంతే. మన పాత వ్యాకర్తలు సంస్కృత ప్రాకృతాల్లో మూలం దొరకని మాటలన్నీ మూటగట్టి దేశ్యం అన్నారే, అలాగన్నమాట. ఈ మూటలో దాదాపు 800 భాషలున్నాయి. విప్పితే డజన్లకొద్దీ కుటుంబాలు. కొన్నింట్లో నాలుగైదు భాషలే. కొన్ని భాషలకైతే నా అన్నవాళ్లే లేరు. న్యూ ఐర్లండ్ దీవిలో కువోట్ అలాంటిదే, చుట్టూ ఉన్నవన్నీ ఆస్ట్రోనీషియన్ భాషలు.

ఇన్ని చిన్న చిన్న కుటుంబాల్ని చూస్తే చుట్టరికాలు కలపాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. 1971లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషావేత్త మన అండమాన్ భాషలతో మొదలుపెట్టి, న్యూగినీ మీదుగా టాస్మేనియా దాకా అంతా ఒకే కుటుంబం అన్నాడు. చూడగానే పోలినట్టున్న మాటల్ని ఏరడమే ఆయన పద్ధతి. ఇవాళ దాన్ని ఒప్పుకునేవాళ్లు అరుదు. 1975లో స్టీఫెన్ వుర్మ్ ఇంకాస్త చిన్న గొడుగు పట్టాడు. న్యూ బ్రిటన్, బోగన్‌విల్, సాలమన్ దీవుల వైపు భాషల్ని కలిపి తూర్పు పపువన్ అన్నాడు. బోగన్‌విల్‌లోని రొటోకాస్ ఆ గొడుగు కిందిదే, రోసెల్ దీవిలోని యేలే కూడా. రొటోకాస్‌లో అర్థభేదం చూపే ధ్వనులు 11. యేలేలో 90.

ధ్వనుల లెక్క తేడాగా ఉంటే చుట్టరికం లేనట్టు కాదు. నాకు టెన్షన్ పెట్టేది ఇంకో సంగతి. ఆ పదకొండు ధ్వనులతోనే ఊళ్లో మాటలన్నీ కట్టుకోవాలి కదా! అలాంటి భాషలో ఒక మాట ఇంకెక్కడి మాటనో కాకతాళీయంగా పోలడం ఎంత తేలికో చూడండి.

మరి దేన్ని రుజువనాలి? నమూనా మనింట్లోనే ఉంది. మన చెవి కన్నడంలో కివి. చెరువు కెరె. చెడు కెడు. ఒక్క జంటయితే కొట్టిపారేయొచ్చు. కానీ ఎ, ఇ అచ్చుల ముందు మన చ ఉన్నచోట వాళ్ల క వరసగా వస్తోంది. రుజువు ఆ వరసలో ఉంది, మాటల పోలికలో కాదు. అయితే ద్రావిడానికి పాత శాసనాలున్నాయి, ఇరవైకి పైగా భాషలున్నాయి. నాలుగు భాషల కుటుంబంలో, రాత నిన్నమొన్న వచ్చినచోట, వరస కట్టడానికి జంటలే దొరకవు.

అందుకే 2005లో మాల్కం రాస్ సర్వనామాల దగ్గర మొదలుపెట్టాడు. వాటిని ఇంకో భాష నుంచి ఎరువు తెచ్చుకోవడం తక్కువ. ట్రాన్స్ న్యూగినీ అనే పపువన్ కుటుంబపు మూలభాషలో 'నేను'కు న, 'నువ్వు'కు గ అని పునర్నిర్మించారు. న్యూగినీలోనే సెపిక్ నది దిగువన యిమస్ భాషలో మాత్రం నేను అంటే అమ, నువ్వు అంటే మి. ఇది వేరే ఇల్లని గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఈ పరీక్షతో వుర్మ్ పట్టిన గొడుగు ఐదు చిన్న కుటుంబాలుగా, కొన్ని ఒంటరి భాషలుగా విడిపోయింది. రొటోకాస్ ఉన్న ఉత్తర బోగన్‌విల్ కుటుంబం, దక్షిణ బోగన్‌విల్ కుటుంబం కూడా వేరింటి కాపురాలయ్యాయి.

నా మట్టుకు సర్వనామాలు గుమ్మం దాకానే. మన 'నేను'లోనూ న ఉంది, అంతమాత్రాన న్యూగినీతో వియ్యమందలేం కదా!

వ్యాకరణం చూసి తేల్చేసినా ఇబ్బందే. రీఫ్ దీవుల్లోని ఐవో భాషను వుర్మ్ తన గొడుగు కిందే పెట్టాడు. నామవాచకాలకు ముందు వర్గాన్ని బట్టి ఉపసర్గలు, చిక్కుముళ్ల లాంటి క్రియలు. చూడ్డానికి పపువన్ పోలికే. 2007లో రాస్, ఓషిల్డ్ నెస్ ఓపిగ్గా ధ్వనుల వరసలు కట్టి చూస్తే అది అచ్చంగా ఆస్ట్రోనీషియన్ బిడ్డే. మాటలు బాగా అరిగిపోయి గుర్తుపట్టలేదు, అంతే.

ఇక మనుషులు కావాలని చేసే మార్పులున్నాయి. న్యూగినీలోని హ్యూఆన్ ద్వీపకల్పంలో సెలెపెట్ భాష మాట్లాడే ఒక ఊరివాళ్లు సమావేశం పెట్టుకుని, పక్క ఊళ్లకంటే వేరుగా ఉండాలని 'కాదు' అనే అర్థంలో వాడే 'బియా'ను వదిలేసి 'బుంగె' అనడం మొదలుపెట్టారు. మర్నాడు పదాల జాబితా రాసుకోవడానికి వెళ్లినవాడు ఏమనుకుంటాడు? మూలమే వేరనుకుంటాడు. దక్షిణ బోగన్‌విల్‌లోని బుయిన్ భాషది ఇంకో తమాషా. దాని ఉయిసాయి మాండలికంలో స్త్రీలింగం, పురుషలింగం మొత్తం తారుమారయ్యాయని డాన్ లేకాక్ రాశాడు. మిగతా బుయిన్ వాళ్లకు పురుషలింగమైంది వీళ్లకు స్త్రీలింగం. అర్థాలు అటూ ఇటూ అయ్యాయిగానీ, రూపాలు మాత్రం అవే.