మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు

సభకు నమస్కారం.

చెన్నై టి.నగర్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళికో పేరంటానికో వెళితే 2015 వరదల మాట ఇప్పటికీ వస్తుంది. వెంటనే ఎవరో ఒకరు చేతులు జోడించి, "ఏడుకొండలవాడి దయ, మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదమ్మా" అంటారు. పూజగదిలో అనుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. వంటింట్లో అంట్లు తోముతున్న మనిషి వింటుండగా అంటేనే చిక్కు. ఆమెది సైదాపేట, అడయారు ఏటి గట్టున గుడిసె. గ్యాస్ బండ, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు అన్నీ ఏట్లో పోయాయి. ఆమె కూడా శుక్రవారం తప్పకుండా మారియమ్మకు దీపం పెట్టే మనిషే. మరి ఆమె విషయంలో దయ ఎటు పోయినట్టు?

'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అన్నారు. నిజాన్ని దేవుడికే వదిలేద్దాం, పల్లం మాత్రం మనకూ తెలుసు. డిసెంబర్ 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. ఆ నీటికి ఎదురుపడింది మెరక మీద సెంటు భూమి కొనలేనివాళ్ళు. చెరువులూ చిత్తడి నేలలూ పూడ్చి వేసిన లేఅవుట్లలో కొన్నవాళ్ళూ మునిగారనుకోండి, అందులో మనవాళ్ళూ ఉన్నారు. 2018లో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక ఆ వరదను మనుషులు తెచ్చిపెట్టిన విపత్తే అంది. మూడో అంతస్తు ఫ్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకున్నది మనం. అది మునగకపోతే 'దేవుడు మమ్మల్ని చూశాడు' అనడం నా చెవికి కాస్త గొప్పలు పోవడంలాగే ఉంటుంది.

"అయితే దణ్ణం పెట్టుకోవద్దా?" అని మా ఆవిడే నిలదీసింది. పెట్టుకోవాలి. ప్రాణం దక్కినవాడి చేతులు వాటంతటవే లేస్తాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే గజేంద్రుడి కథ మనం ఏనుగు గట్టెక్కేదాకానే చెప్పుకుంటాం. ఆ మడుగులో మొసలికీ శాపం తీరింది, గంధర్వుడై వెళ్ళిపోయింది. పోతనగారు దానికీ వాటా పెట్టారు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో మునిగిన వీధుల్లోకి పడవలు తెచ్చినవాళ్ళలో తీరాన ఉండే జాలర్లున్నారు. 2004 సునామీలో ముందుగా దెబ్బతిన్నది వాళ్ళ కుప్పాలే, అంటే జాలరిపేటలే. మా బంధువుల్లో ఒక పెద్దాయన కోట్టూర్‌పురంలో అలాంటి పడవెక్కే బయటపడ్డారు, దారి పొడుగునా గోవిందనామం జపిస్తూనే. నెల తిరక్కుండా కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు. పడవ ఎవరు నడిపారు బాబాయ్ అని అడిగాను. "ఎవరో కుప్పం కుర్రాడురా" అన్నారు. డీజిలుకైనా ఏమన్నా ఇచ్చారా అంటే, ఆ హడావుడిలో తోచలేదట.