వృత్తి క్లబ్ పిల్లల పని రికార్డు: గూగుల్ ఫారంతో ఇలా చేయండి

అందరికీ నమస్కారం. పలాస నుంచి మాట్లాడుతున్నాను. హైస్కూల్లో వృత్తి క్లబ్ నడుపుతున్న మాస్టార్లు, టీచర్లు, ఒకేషనల్ ట్రైనర్ల కోసం ఈ వీడియో.

ముందు ఎందుకో చెప్పేస్తాను. పదో తరగతి అయ్యాక మన పిల్లలు ఐటీఐకి వెళ్తారు, పాలిటెక్నిక్‌కి వెళ్తారు. ఆ తర్వాత పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో, ఇంకో చోటో అప్రెంటిస్ ఇంటర్వ్యూకి కూర్చుంటారు. అక్కడ "ఏం పని చేశావమ్మా?" అని అడిగితే సర్టిఫికెట్ చూపిస్తారు, నోరు మాత్రం పెగలదు. పని రాక కాదు. చేసిన పనిని అంకెలతో, పనిముట్ల పేర్లతో చెప్పే అలవాటు లేక. ఆ అలవాటు క్లబ్బులోనే రావాలి. ఈ రికార్డు అందుకే.

సరే, స్క్రీన్ చూడండి. కంప్యూటర్‌లో గూగుల్ ఫారమ్స్ తెరిచాను. ఖాళీ ఫారం, పేరు "క్లబ్ పని రికార్డు". తేదీ, క్లబ్ పేరు, ఇవి మీకు తెలిసినవే, గబగబా పెట్టేస్తున్నాను. అయిపోయింది.

పిల్లల పేరు దగ్గర మాత్రం టైప్ చేసే షార్ట్ ఆన్సర్ వద్దు, జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒకే అమ్మాయి ఒకరోజు తెలుగులో, ఇంకోరోజు ఇంగ్లిష్‌లో, మరోరోజు ఇంటిపేరుతో రాస్తే షీట్‌లో ముగ్గురు అమ్మాయిలు అయిపోతారు. హాజరు పట్టీ ఫైల్లోంచి పేర్లన్నీ ఒకేసారి కాపీ చేసి మొదటి ఆప్షన్‌లో పేస్ట్ చేయండి. ఇదిగో, ఒక్కో పేరు ఒక్కో వరుసలోకి అదే వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నలు. నాలుగే నాలుగు. ఏం చేశాను? ఏ పనిముట్టుతో? ఎంత కొలత, ఎంత లెక్క? ఎక్కడ తేడా వచ్చింది, ఎలా సరిచేశాను? నాలుగూ పేరాగ్రాఫ్ రకం.

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం. పిల్లలు "జీడిపప్పు గ్రేడింగ్ నేర్చుకున్నాను" అని రాసేసి లేచిపోతారు. ఆ ముక్క ఎవరైనా రాయొచ్చు. ఈ ఎంట్రీ చూడండి, మా క్లబ్బులో తొమ్మిదో తరగతి అమ్మాయిది. "గుండ్లు, బద్దలు వేరు చేశాను. గుండ్లలో 100 గ్రాములు తూచి లెక్కపెట్టాను. 68 వచ్చాయి. డబ్ల్యూ 320 గ్రేడు." గుండ్లు అంటే విరగని పప్పులు, బద్దలు అంటే రెండుగా విడిపోయినవి. ఎందుకు 320? పౌను బరువుకి 300 నుంచి 320 పప్పులు తూగితే ఆ గ్రేడు. పౌను అంటే సుమారు 454 గ్రాములు. అంటే 100 గ్రాములకి 66 నుంచి 70 పప్పులు. డబ్ల్యూ 240 అయితే పప్పు పెద్దది, అదే 100 గ్రాములకి 49 నుంచి 53. తరాజు, చిన్న పళ్లెం, కాస్త ఓపిక, అంతే కావాలి. రేపు ఏ జీడి పరిశ్రమలో అడిగినా ఈ అమ్మాయి తడుముకోదు. లెక్కల క్లాసు కూడా ఇందులోనే అయిపోతుంది.

ఒక మాట, జీడి పరిశ్రమకి తీసుకెళ్తే పిక్కలు కొట్టే చోట పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి. తొక్కలో ఉండే జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. పీలింగ్ అయిన పప్పు దగ్గరే కూర్చోబెట్టండి.

ఇక ఫోటో. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అందుకే నెమ్మదిగా చెప్తాను. ఫారంలో ఫైల్ అప్‌లోడ్ అని ఒక రకం ఉంది చూశారా? చూడగానే పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి. అది పెడితే ఫారం నింపే ప్రతి ఒక్కరూ గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ కావాలి. మన పిల్లలు నింపేది అమ్మ ఫోన్‌లోనో, అన్నయ్య ఫోన్‌లోనో. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఫారం తెరుచుకోదు, పిల్లాడు మూసేస్తాడు, మళ్లీ ముట్టుకోడు.

దాని బదులు "ఫోటో నంబరు" అని ఒక షార్ట్ ఆన్సర్ పెట్టండి. ఫోటో మీ ఫోన్‌తో మీరే తీయండి. రోల్ నంబరు, తేదీ కలిపి ఆ ఫోటోకి పేరు పెట్టండి. 14వ నంబరు పిల్లాడు, జులై 8 అయితే 14-0807. డ్రైవ్‌లో క్లబ్ ఫోల్డర్‌లో పడేయండి. పిల్లాడు ఫారంలో అదే నంబరు రాస్తాడు. అంతే.

ఇంకొకటి. సెట్టింగ్స్‌లోకి రండి. ఇక్కడ "ఒక్కసారే జవాబు" అన్న పరిమితి ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే అది కూడా సైన్ ఇన్ అడుగుతుంది. ఈమెయిల్ సేకరణ కూడా వద్దు. ఈ రెండూ చూసుకున్నాక, ఏ గూగుల్ అకౌంటూ లేని వేరే ఫోన్‌లో లింకు తెరిచి చూడండి. మీ ఫోన్‌లో ఎలాగూ తెరుచుకుంటుంది, దాంతో ఏమీ తెలియదు.

టైపింగ్ సంగతి. తెలుగు టైపింగ్ అంటే పిల్లలకి టెన్షన్. జీబోర్డ్‌లో, అంటే ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్‌లో, తెలుగు భాష కలుపుకుని మైక్ నొక్కి మాట్లాడమనండి, అదే రాసుకుంటుంది. తప్పు పడ్డచోట చేత్తో దిద్దుకుంటారు. నాకైతే ఇదే బాగా నచ్చిన పద్ధతి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది కూడా నోటితోనే కదా, ఇప్పటినుంచే నోటితో చెప్తారు. వాళ్ల మాటల్లోనే ఉండనివ్వండి, మనం పుస్తక భాషలోకి మార్చొద్దు.

తర్వాత జవాబుల ట్యాబ్, షీట్స్ గుర్తు నొక్కండి. షీట్ వచ్చింది. పై వరుస ఫ్రీజ్, ఫిల్టర్ పెట్టు, పేరు ఎంచుకో. ఆ పిల్లాడు ఏడాదంతా చేసినవన్నీ వరుసగా వచ్చేశాయి. ప్రింట్ తీసి ఫైల్లో పెట్టి చేతికివ్వండి, ఐటీఐకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్తాడు.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకి కూడా ఈ ఫారమే సరిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం వాళ్లకి 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమంది కదా. పొందూరు దగ్గర్లో ఉంటే ఖద్దరు చూపించండి, వాలుగ చేప దవడతో పత్తి ఎలా దువ్వుతారో పిల్లలతోనే రాయించండి. సరుబుజ్జిలి వైపు బూడితి ఇత్తడి పని ఉంది. బొబ్బిలి వైపు వాళ్లకి వీణల తయారీ ఉంది. ప్రశ్నలు అవే నాలుగు.

నా ఫారం కాపీ లింకు కింద ఇచ్చాను. కాపీ చేసుకుని ముందు డ్రాప్‌డౌన్‌లో మీ పిల్లల పేర్లు మార్చండి, ఆ తర్వాతే లింకు పంచండి. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్‌తో కామెంట్ పెట్టండి, చూసి చెప్తాను.