బిందువు ఆరే వేగం

శ్రోతలకు నమస్కారం. మందును వారాల తరబడి కొద్దికొద్దిగా వదిలే సూక్ష్మకణాలను తయారుచేసే పద్ధతుల్లో ఎలక్ట్రోస్ప్రే ఒకటి. శరీరంలో మెల్లగా విచ్ఛిన్నమయ్యే, గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌నే తీసుకుందాం. దాన్ని ద్రావణిలో కరిగించి, సిరంజి పంపుతో గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున లోహపు సూదిలోంచి తోస్తారు. సూదికి 10 నుంచి 20 కిలోవోల్టులు ఇస్తారు. 15 సెంటీమీటర్ల దూరంలో ఎర్త్ చేసిన అల్యూమినియం రేకు ఉంటుంది. సూది కొసన ద్రవం శంఖువులా సాగి, సన్నని ధారై, బిందువులుగా చిట్లుతుంది. అవి రేకును చేరేలోపు ద్రావణి ఆవిరైపోవాలి, పాలిమర్ గుండ్రంగా మిగలాలి.

కణం బాగా రాకపోతే చాలామంది చెయ్యి ముందు వోల్టేజి మీదికి పోతుంది. చూడాల్సింది ద్రావణిని.

డైక్లోరోమీథేన్ అనే ద్రావణి 40 డిగ్రీలకే మరుగుతుంది. బిందువు అంచున పాలిమర్ తొందరగా చిక్కబడి పెంకు కడుతుంది, లోపల ఇంకా తడి ఉంటుంది. మండుటెండలో పెట్టిన వడియం సంగతే ఇదీ. ఆ తడి కూడా పోయాక పెంకు లోపలికి కుంగి, కణం సొట్టబోయిన గిన్నెలా కనిపిస్తుంది. పైగా వేగంగా ఆరే బిందువు చల్లబడి, గాలిలోని తేమను తనమీదికి లాక్కుంటుంది. ఆ నీటి చుక్కల గుర్తులే కణం ఒంటినిండా గుంటలు. వానాకాలంలో ఈ బెడద మరీ ఎక్కువ. సూది కొసన పాలిమర్ గడ్డకట్టి ధార ఆగిపోవడం ఇంకో తలనొప్పి.

డైమిథైల్‌ఫార్మమైడ్‌ది అందుకు విరుద్ధం. 153 డిగ్రీల దగ్గర మరిగేది అంత తొందరగా ఎక్కడ ఆరుతుంది? కణాలు తడిగానే రేకు మీద పడి, చదునై, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కానీ దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి ద్రవం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 37, క్లోరోఫాం అనే మరో ద్రావణికి దాదాపు 5. ఈ అంకె ఎక్కువున్న ద్రావణి కలిస్తే ద్రావణం విద్యుత్తును బాగా మోసి, మరింత చిన్న బిందువులుగా చిట్లుతుంది. అందుకే క్లోరోఫాంలో దీన్ని పదో వంతు కలిపి చూడటం మంచి మొదలు.

పాలిమర్ గాఢత 3, 4 శాతం దగ్గర మొదలుపెట్టండి. పెంచుకుంటూ పోతే పాలిమర్ గొలుసులు పెనవేసుకుని, కణాలకు తోకలొస్తాయి, చివరికి దారాలే మిగులుతాయి. పాలిమర్‌ను అంతగా ఇష్టపడని ద్రావణిలో గొలుసులు ముడుచుకుంటాయి కాబట్టి, అదే శాతం దగ్గర ఫలితం వేరుగా ఉండొచ్చు.

గాజు సిరంజే వాడండి. క్లోరోఫాం తగిలితే రబ్బరు పిస్టన్ ఉబ్బి బిగుసుకుంటుంది. ద్రావణిగా ఎసిటోన్ వాడితే దాని ఆవిరి అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు, కాబట్టి పని ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఇక కణాల్లో మిగిలిపోయిన ద్రావణి. ఔషధాల్లో అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం క్లోరోఫాం పదిలక్షల్లో 60 వంతులు దాటకూడదు, డైక్లోరోమీథేన్‌కు 600, ఎసిటోన్‌కు 5000. కణాలను వాక్యూమ్‌లో ఒకట్రెండు రోజులు ఆరబెట్టండి, వేడి ఓవెన్‌లో మాత్రం వద్దు: ఈ పాలిమర్ 60 డిగ్రీల దగ్గరే కరిగి ముద్దయిపోతుంది.