మనిషి పోయినప్పుడు రాని ఏడుపు

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, కాలేజీ పిల్లలకు నమస్కారం. పశువైద్యుడిగా ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఈ సాయంత్రం ఒక ఏడుపు గురించి మాట్లాడాలని వచ్చాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒంగోలుకు పడమట ఒక ఊళ్ళో, సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక రైతు చనిపోయాడు. ఆయన భార్యకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. శవం లేచేటప్పుడు కూడా ఆవిడ కంట చుక్క రాలలేదని ఊరంతా చెప్పుకున్నారు. వేసవి చివర్లో, ఆయన తోలిన ముసలి ఎద్దు కొట్టంలో పడిపోయింది. నాకు కబురొచ్చింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాం. ఒళ్ళు పుండ్లు పడకుండా గోనెపట్టాల మీద పక్కలు మార్చి పడుకోబెట్టాం. లేవలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది. ఆవిడ దాని మూపురం మీద తల పెట్టి ఏడ్చిన ఏడుపుకి వీధి వీధంతా వచ్చి నిలబడింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ, అందరికీ వినపడేట్టుగానే అంది: "మొగుడు పోతే ఏడవంది గొడ్డు పోతే ఏడుస్తోంది, చూడండమ్మా!"

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పైకి అనలేదు గానీ నా మనసులోనూ ఆ మాటే మెదిలింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ మాట చాలా పాతది. మహాభారతంలో, పాండవుల చివరి ప్రయాణం చెప్పే మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడు ధర్మరాజును అడిగింది ఇంచుమించు అదే. ద్రౌపది పడిపోయింది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా కూలిపోయారు. ధర్మరాజు నడక ఆపలేదు. తీరా ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటే మాత్రం ఎక్కనన్నాడు. ఆలినీ తమ్ముళ్ళనీ వదిలి వచ్చినవాడివి, కుక్క దగ్గర ఈ పట్టుదలేమిటని ఇంద్రుడు నిలదీశాడు. వాళ్ళు బతికుండగా నేను వదల్లేదు, పోయినవాళ్ళను తిరిగి లేపడం నా చేతిలో లేదు, నన్ను నమ్ముకుని వెంట వచ్చినదాన్ని వదలను అన్నది ధర్మరాజు జవాబు సారాంశం. తిక్కనగారి తెలుగులో ఆ ఘట్టం చదివినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. చిన్నప్పుడు నాకు ఆ కుక్క యమధర్మరాజని తేలడమే గొప్పగా అనిపించేది. ఇప్పుడు, ఆ సంగతి తేలకముందు ఆయన అన్న మాటే గొప్పగా కనిపిస్తోంది. నమ్ముకుని వచ్చింది. అంతే కదా!

అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో 256 మంది విద్యార్థులకు ఒక కల్పిత వార్త ఇచ్చి చదవమన్నారు. ఎవరో బ్యాటుతో చావబాదారని వార్త. దెబ్బలు తిన్నది కొందరి కాగితంలో ఏడాది పసిబిడ్డ, కొందరిలో ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, కొందరిలో కుక్కపిల్ల, కొందరిలో ఆరేళ్ళ కుక్క. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. పసిబిడ్డ మీద, కుక్కపిల్ల మీద కలిగిన జాలిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద కుక్క మీద జాలి పసిబిడ్డ మీదకన్నా కాస్త తగ్గింది, అంతే. అందరికన్నా తక్కువ పెద్ద మనిషి మీదే. ఇది ముక్కూమొహం తెలియని ప్రాణి మీద జాలి, మనింట్లో చావు కాదు. రెండూ ఒకటేనని నేననను. కానీ ధర్మరాజు మాట ఇక్కడా వినపడుతోంది. పెద్ద మనిషి పారిపోగలడు, కేకేయగలడు, పోలీసు స్టేషనుకు పోగలడు. కుక్క ఆరేళ్ళదైనా ఆరు నెలలదైనా, మన దృష్టిలో చంటిదే.

జపాన్‌లో మిహో నగసావా బృందం 2015లో ఇంకో సంగతి చూపించింది. కుక్కా యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఉంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు దీని పేరు తెలియకపోయినా పని తెలుసు. దూడను వదలగానే గేదె చేపుతుందే, ఆ చేపుకు కారణం ఇదే. తల్లినీ బిడ్డనూ కలిపి కట్టే పలుపు ఇది. దాన్ని తెంపుకుంటే నొప్పి పుట్టదా?

మనుషుల మధ్య మాటలుంటాయి. మాటలున్నచోట లెక్కలుంటాయి. గట్టు తగాదా, పెళ్ళిలో జరిగిన మర్యాద లోపం, ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టారన్నది. తండ్రి శవం దగ్గర కూర్చున్న కొడుకు దుఃఖానికి వీటన్నిటినీ దాటుకుని రావలసి ఉంటుంది. కొందరికి అది దాటిరావడానికి ఏళ్ళు పడుతుంది. కుక్క దగ్గర ఈ లెక్కలేవీ ఉండవు. తిట్టిన గంటకే వచ్చి పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.

ఇంకొకటుంది, నేను దగ్గరగా చూసింది. ఇక బాగుపడదని తేలిన కుక్కకు బాధలేని చావు ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. దానికి ఒప్పుకుంటూ ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. మనిషి విషయంలో వైద్యం ఆపే నిర్ణయానికి కూడా సుప్రీంకోర్టు 2018లో ఎన్నో షరతులు పెట్టింది. కుక్క దగ్గరికొచ్చేసరికి బరువంతా ఒక్క మనిషి చేతి మీద పడుతుంది. సంతకం పెట్టిన చేత్తోనే దాని తల నిమురుతూ, "ఇంకో వారం చూసుండాల్సిందా డాక్టరుగారూ?" అని అడుగుతారు. నెల తర్వాత ఫోన్ చేసి మళ్ళీ అదే అడుగుతారు.

ఆ తర్వాత ఆ దుఃఖాన్ని పెట్టుకోవడానికి చోటుండదు. మనిషి పోతే మైల ఉంది. మైలను అంటు అనే అనుకుంటాం గానీ, దానివల్ల పది రోజులు ఆ ఇంటివాళ్ళను ఎవరూ పనికి పిలవరు, నవ్వమనరు. చుట్టాలొస్తారు, పొరుగింటివాళ్ళు క్యారేజీ పంపుతారు, దినకర్మ నాడు పోయినవాళ్ళ మంచీచెడూ చెప్పుకుంటారు. పధ్నాలుగేళ్ళు పెంచిన కుక్కను పూడ్చిపెట్టి వచ్చిన ఒక కుర్రాడు మర్నాడు జ్వరమని అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నాడు. "కుక్క పోయిందంటే నవ్వుతారు సార్" అన్నాడు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు ఇలా లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖాల మీద 1989లో ఒక పుస్తకమే తెచ్చాడు. పంచుకోను దారిలేని దుఃఖం లోపలే ఊరుతుంది. లోతుగా కనిపించడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆ ఊళ్ళోని ఆవిడ దగ్గరికి మళ్ళీ వస్తాను. మరుసటి ఏడాది గొంతువాపు టీకాలు వేయడానికి ఆ ఊరు వెళ్ళాను. ఆవిడ ఇంట్లో పశువు లేదు. కొట్టం ఊడ్చి ఉంది. ఎద్దును కట్టేసే గుంజకు మాత్రం పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. దాని గంటల పట్టెడ అక్కడే వేలాడుతోంది. ఏమనాలో తోచక, "ఎద్దు పేరేంటమ్మా?" అన్నాను.

ఆవిడ చాలాసేపు నా వంక చూసింది. "ఎవ్వరూ అడగలేదు బాబూ. రాముడు" అని అరుగు మీద కూర్చుంది. "ఆయన పోయిన్నాడు ఇంటినిండా జనం. వచ్చినోళ్ళకి కాఫీలు, అప్పులోళ్ళకి సమాధానాలు. ఏడవడానికి తీరికేదీ? అందరూ పోయినాక, పొద్దుగూకే వేళకి రాముడు మెడ తిప్పి గుమ్మం దిక్కే చూసేవాడు, ఆయన వస్తాడని. ఆయన కోసం ఎదురుచూసేది మేమిద్దరమే."

జీపు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను లేవలేదు. రాముడి గురించి కాసేపు చెప్పింది. ఆ తర్వాత చీకటిపడేదాకా ఆయన గురించే చెప్పింది.