ఫ్లెక్సీ మీద న్యాక్, ఎన్‌బీఏ ఉన్నాయి సరే, మీ బ్రాంచికి ఉందా?

[తెరపై: బస్టాండు ముందు వరసగా కట్టిన ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు]

నమస్కారం అండీ. ఎంసెట్ ర్యాంకు వచ్చేసింది. పేరు ఈఏపీసెట్‌గా మారి చాలా రోజులైంది కానీ ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. ఇక వెబ్ ఆప్షన్ల హడావుడి. ఈ రోజుల్లో ఏ ఊరి సెంటర్లో చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. ఏ ఫ్లెక్సీ అయినా, అడుగున నాలుగు ముక్కలు మాత్రం తప్పవు: ఏఐసీటీఈ అప్రూవ్డ్, జేఎన్‌టీయూ అఫిలియేటెడ్, న్యాక్ ఏ ప్లస్, ఎన్‌బీఏ అక్రెడిటెడ్. ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కనే వేస్తారు కాబట్టి నాలుగూ ఒకే జాతి అనిపిస్తుంది. కాదు. మొదటి రెండూ లేకుండా ఆ కాలేజీ తలుపులే తెరవకూడదు. మూడోది కాలేజీ మొత్తానికి ఇచ్చే నాణ్యత గుర్తింపు. నాలుగోది ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇచ్చే నాణ్యత గుర్తింపు. మీ పిల్లలు చేరేది ఒక బ్రాంచిలో. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు ఆ నాలుగోదాని దగ్గరే ఆగుతాం.

ముందు మొదటి రెండూ గబగబా చూసేద్దాం. ఏఐసీటీఈ అంటే సాంకేతిక విద్యకి అనుమతులిచ్చే సంస్థ, 1987 చట్టంతో దానికి ఆ అధికారం వచ్చింది. ఏ కోర్సు పెట్టొచ్చు, ఎన్ని సీట్లు అనేది అక్కడ తేలుతుంది. అఫిలియేషన్ అంటే డిగ్రీ ఎవరి పేరు మీద వస్తుందన్న సంగతి. 2008లో జేఎన్‌టీయూ విడిపోయాక హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వేరువేరు యూనివర్సిటీలయ్యాయి, తర్వాత విజయనగరం వచ్చింది. 'అటానమస్' అని రాస్తే సిలబస్, పరీక్షలు కాలేజీ సొంతం, పట్టా మాత్రం యూనివర్సిటీదే. ఇవి అనుమతులు. చదువు బాగుందో లేదో ఇవి చెప్పవు. ఇవి కూడా లేకుండా యూనివర్సిటీ అని బోర్డు పెట్టుకున్నవాళ్ల పేర్లు, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ పెట్టే నకిలీల జాబితాలో ఉంటాయి. గుంటూరు, విశాఖ చిరునామాలు ఉన్నవి కూడా ఆ జాబితాలో చూశాం.

ఇక ఎన్‌బీఏ.

[తెరపై: ఒకే కాలేజీ, ఆరు బ్రాంచిల పేర్లు. మూడింటి పక్కన టిక్కు, మూడింటి పక్కన ఖాళీ]

1994లో ఏఐసీటీఈ కిందే మొదలై, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. ఇది కాలేజీకి ముద్ర వేయదు, ప్రోగ్రాముకి వేస్తుంది. ఈసీఈకి ఉండొచ్చు, మెకానికల్‌కి ఉండొచ్చు, మీరు చేరబోయే ఏఐ అండ్ ఎంఎల్‌కి లేకపోవచ్చు. అయినా ఫ్లెక్సీ మీద 'ఎన్‌బీఏ అక్రెడిటెడ్' అనే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

కొత్త బ్రాంచికి లేకపోవడం ప్రతిసారీ కాలేజీ తప్పేం కాదు, అది కూడా చెప్పాలి. ఎన్‌బీఏకి వెళ్లాలంటే ఆ ప్రోగ్రాములో కనీసం రెండు బ్యాచిలు చదువు పూర్తిచేసి బయటికెళ్లి ఉండాలి. 2020లో మొదటి బ్యాచి చేరిందనుకుందాం. వాళ్లు 2024లో బయటికొస్తారు, రెండో బ్యాచి 2025లో. అంతవరకూ ఎంత మంచి డిపార్ట్‌మెంట్ అయినా ఆ ముద్ర రాదు. కానీ ఈ సంగతి ఫ్లెక్సీ మీద రాయరు కదా! పాత బ్రాంచిల పేరు మీద కొత్త బ్రాంచి సీట్లు నిండుతాయి.

మరి ఎన్‌బీఏ లోపల ఏం చూస్తుంది? ఇది మీరు మీ కళ్లతోనే చూడొచ్చు. మీ ఇంట్లో బీటెక్ చదివేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల మిడ్ ఎగ్జామ్ పేపర్ అడగండి.

[తెరపై: ప్రశ్నపత్రం, కుడివైపు గళ్ల మీదికి కెమెరా]

చూడండి, ప్రశ్న, మార్కులు, ఆ పక్కన ఇంకో రెండు చిన్న గళ్లు. ఒకదాంట్లో 'సీఓ2', ఇంకోదాంట్లో 'ఎల్3'. పిల్లల్లో చాలామందికి అవేంటో తెలీదు, అడగరు కూడా. సీఓ అంటే కోర్స్ అవుట్‌కమ్. ఈ సబ్జెక్టు పూర్తయ్యేసరికి పిల్లవాడికి ఏం చేయడం రావాలో ముందే నాలుగైదు వాక్యాల్లో రాసిపెట్టుకుంటారు, ఈ ప్రశ్న వాటిలో రెండోదాన్ని పరీక్షిస్తోందని అర్థం. ఎల్3 అనేది ప్రశ్న స్థాయి. ఒకటి అంటే గుర్తుపెట్టుకుని రాసేయడం, రెండు అర్థం చేసుకోవడం, మూడు తెలిసినదాన్ని కొత్త లెక్కకి వాడటం. మొత్తం పేపరంతా ఒకట్లూ రెళ్లే ఉన్నాయనుకోండి, అక్కడ బట్టీ చదువే నడుస్తోందని మీకే తెలిసిపోతుంది. ఈ మార్కులన్నీ కలిపి, క్లాసులో ఎంతమంది ఏ సీఓలో ఎంతవరకు వచ్చారో లెక్క కడతారు. తక్కువొస్తే వచ్చే ఏడాది ఏం మార్చారో చూపించాలి. ఆ లెక్కలన్నీ సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్టులో పెడతారు, బయటి కాలేజీల ప్రొఫెసర్లతో వచ్చే బృందం డిపార్ట్‌మెంట్‌కే వచ్చి ల్యాబులు, ప్రాజెక్టులు, జవాబు పత్రాలు తిరగేస్తుంది. సరిపోతే ముద్ర. ఆరేళ్లకి ఇవ్వొచ్చు, మూడేళ్లకే ఇచ్చి లోపాలు సరిదిద్దుకుని మళ్లీ రమ్మనొచ్చు.

నా ఉద్దేశంలో ఇది మంచి పద్ధతే. పిల్లవాడికి ఏం వచ్చిందన్నదే అడుగుతోంది. చిక్కల్లా ఆచరణలో. చాలాచోట్ల ఇదంతా ఎక్సెల్ షీట్ల పని అయిపోయింది. క్లాసు చెప్పాల్సిన మేడమ్ అర్ధరాత్రి దాకా కూర్చుని పాత సెమిస్టర్ల మార్కులు గళ్లల్లో నింపుతుంటారు.

వాషింగ్టన్ అకార్డ్ అనే మాట కూడా వినే ఉంటారు. ఇంజనీరింగ్ డిగ్రీలని ఒకరివి ఒకరు గుర్తించుకుందామని కొన్ని దేశాల సంస్థలు 1989లో చేసుకున్న ఒప్పందం అది. మన ఎన్‌బీఏకి 2014 జూన్‌లో అందులో పూర్తి సభ్యత్వం వచ్చింది. కానీ ఎన్‌బీఏలో టైర్ 1, టైర్ 2 అని రెండున్నాయి. యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు వెళ్లేది టైర్ 1కి. మామూలు అఫిలియేటెడ్ కాలేజీలు వెళ్లేది టైర్ 2కి. అకార్డ్ వర్తించేది టైర్ 1కే. పైగా దాంతో వీసా రాదు, ఉద్యోగం రాదు. బయటి దేశంలో ప్రొఫెషనల్ ఇంజనీరుగా లైసెన్సు తీసుకోవాలంటే పనికొస్తుంది. ఎంఎస్ చేసి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడాలనుకునేవాళ్లు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు న్యాక్. ఇది యూజీసీది, 1994లో పెట్టారు, ఆఫీసు బెంగళూరులో. మొత్తం సంస్థని ఏడు అంశాల్లో చూస్తుంది: సిలబస్, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకి అందే తోడ్పాటు, నిర్వహణ, విలువలు. నాలుగు పాయింట్లకి లెక్క. 3.51 నుంచి ఏ డబుల్ ప్లస్, 3.26 నుంచి ఏ ప్లస్, 3.01 నుంచి ఏ. అలా దిగుతూ దిగుతూ 1.50, అంతకంటే తక్కువైతే గుర్తింపే లేదు. మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది. కాబట్టి మీరు చూస్తున్న ఏ ప్లస్ ఐదేళ్ల కిందటి కాలేజీది కావచ్చు.

2017 తర్వాత పద్ధతి మారింది. కాలేజీ తన రిపోర్టు ఆన్‌లైన్లో పెడుతుంది. అందులో అంకెలన్నీ వేరే ఏజెన్సీ సరిచూస్తుంది. విద్యార్థులకి మెయిల్లో సర్వే వస్తుంది. ఆ తర్వాతే పీర్ టీమ్, అంటే బయటి ప్రొఫెసర్ల తనిఖీ బృందం, వచ్చేది, రెండు మూడు రోజులుండేది. ఆ వారం కాలేజీలో పెళ్లి సందడే! గోడలకి రంగులు, ల్యాబులో ఎప్పుడూ మూసి ఉండే బీరువాకి కొత్త తాళం, ఆ ఏడు అంశాల నంబర్లు అంటించిన ఫైళ్లు. ఏం అడిగితే ఏం చెప్పాలో పిల్లలకి ముందురోజే పాఠం.

గ్రేడ్ కంటే పనికొచ్చేది ఇంకోటుంది. న్యాక్ సైట్‌లో చాలా కాలేజీల పీర్ టీమ్ రిపోర్టు దొరుకుతుంది. అందులో చివర్లో బలాలు, బలహీనతలు అని ఉంటాయి. బలాలు వదిలేయండి, అవి అన్ని కాలేజీలకీ ఒకేలా ఉంటాయి. బలహీనతలు చదవండి. మర్యాదగానే రాస్తారు కానీ రాస్తారు. పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు తక్కువనో, పరిశ్రమలతో సంబంధాలు అంతంతమాత్రమనో, ఏదో ఒకటి దొరుకుతుంది.

మరి ఈ గ్రేడ్లని ఎంతవరకు నమ్మాలి? 2023లో న్యాక్ కార్యనిర్వాహక కమిటీ అధ్యక్షుడు భూషణ్ పట్వర్ధన్, గ్రేడ్ల ప్రక్రియలో అక్రమాలున్నాయంటూ పదవి నుంచి తప్పుకున్నారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతపు డీమ్డ్ యూనివర్సిటీ ఒకదానికి ఏ డబుల్ ప్లస్ కోసం డబ్బు, బంగారం, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చేతులు మారాయన్న ఆరోపణతో తనిఖీకి వచ్చిన బృందంలోని వాళ్లని, ఆ సంస్థవాళ్లని సీబీఐ అరెస్టు చేసింది. తప్పెవరిదో కోర్టు తేల్చాలి. ఈ కేసుకి ముందే గ్రేడ్లే తీసేద్దామన్న ఆలోచన వచ్చింది. ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సు ప్రకారం 'గుర్తింపు ఉంది, లేదు' అనే రెండే మాటల పద్ధతి తెస్తామని 2024 జనవరిలో ప్రకటించారు. ఆ పైన ముందుకెళ్లే సంస్థలకి ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిలు. నాకైతే ఇదే నయమనిపిస్తోంది. 3.25కీ 3.26కీ మధ్య ఉన్న ఆ ఒక్క వందో వంతు కోసమే కదా ఇన్ని తిప్పలు.

[తెరపై: అమెరికా మ్యాపు]

అమెరికా వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడ అక్రెడిటేషన్ ప్రభుత్వం ఇవ్వదు. ప్రైవేటు సంస్థలిస్తాయి, ఆ సంస్థలని ప్రభుత్వ విద్యాశాఖ గుర్తిస్తుంది. అంటే రెండు మెట్లు. కాలేజీకి గుర్తింపు ఇచ్చిందెవరు, వాళ్లకి విద్యాశాఖ గుర్తింపు ఉందా, రెండూ చూడాలి. ఏసీఐసీఎస్ అనే సంస్థకి ఆ గుర్తింపు 2022లో పూర్తిగా పోయింది. స్టూడెంట్ వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం ఇవ్వగలిగినంత మాత్రాన అక్రెడిటేషన్ ఉన్నట్టు కాదు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ ఐ-20లు ఇచ్చింది. 2011 జనవరిలో దాని మీద దాడులు జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్లలో మన ఆంధ్రా పిల్లలే ఎక్కువ. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. దాని పేరు ఒక అక్రెడిటింగ్ సంస్థ జాబితాలో కూడా కనిపించేది. కానీ క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. జాబితా ఒక్కటే చూసినవాళ్లకి అది తెలిసే దారి లేదు.

సరే, మళ్లీ మన వెబ్ ఆప్షన్లకి. కాలేజీకి వెళ్లినప్పుడు "ఎన్‌బీఏ ఉందా?" అని అడగొద్దు, ఉందనే అంటారు. "ఈ బ్రాంచికి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉందండీ, లెటర్ చూపిస్తారా?" అని అడగండి. ఎన్‌బీఏ సైట్‌లో కాలేజీ పేరు కొడితే బ్రాంచిలవారీగా తేదీలు వస్తాయి, పక్కన పెట్టి సరిచూసుకోండి. గడువు అయిపోయిందంటే మళ్లీ అప్లై చేశారా, ఎప్పుడు చేశారు అని అడగండి. "ప్రాసెస్‌లో ఉంది" అంటే ఆ రోజుకి లేదనే లెక్క. ఆ తర్వాత ఆ డిపార్ట్‌మెంట్‌లో మూడో సంవత్సరం చదివే పిల్లల్ని ఇద్దర్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుని, పోయిన సెమిస్టర్లో ఎంతమంది మాస్టార్లు మధ్యలో మానేశారో అడగండి.