నాచులో నూనె ఉంది, కాదనను

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, ఏమనుకోకండి.

సైన్స్ దినోత్సవానికి నాచు డీజిల్ మీద, అంటే నాచులోని నూనెతో చేసే డీజిల్ మీద మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తని కాను, ఇరవై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్నవాణ్ణి. అంటే నీళ్లని పచ్చగా ఉంచడమే నా పని, చేప తర్వాత సంగతి.

మంచి మాట ముందు చెప్పేస్తా. కంటికి కనపడని ఈ నాచు ఒక్క రోజులో రెట్టింపవుతుంది, కొన్ని రకాల ఎండు బరువులో సగం దాకా నూనే ఉంటుంది, దానికి పంటపొలం అక్కర్లేదు, ఉప్పునీళ్లైనా చాలు. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా దీని మీద సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టింది. న్యూమెక్సికోలో రోజ్‌వెల్ దగ్గర చెరువులు కట్టి పెంచారు. రాత్రి చలికి దిగుబడి పడిపోయింది. ఆరుబయట చెరువుల్లో ఇంకో తంటా, ల్యాబులో ఎంచిన రకాన్ని వదిలితే ఎక్కణ్ణుంచో వచ్చిన ఊరి నాచు దాన్ని తోసేసి కూర్చునేది.

అది చదివి నవ్వుకున్నాను. ఒక శ్రావణంలో మూడు రోజులు ఎండ లేదు. మూడో రోజు తెల్లవారుజామున కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు, "బాబాయ్, నీళ్లు రంగు మారిపోయాయి" అని. వెళ్లేసరికి బొచ్చెలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాచంతా ఒక్కసారే చచ్చి, కుళ్లుతూ, నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా లాగేసింది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేద్దామంటే కరెంటు లేదు, జనరేటర్‌లో డీజిల్ లేదు. క్యాన్ పట్టుకుని బంకుకి పరిగెత్తాను. అవునండీ, నాచు చచ్చిన చెరువుని కాపాడుకోవడానికి డీజిల్ కోసం! సగం చేప పోయింది. ఆ ఏడాది అప్పు ఇంకో రెండేళ్లు తీర్చాను... సరే, అది వదిలేద్దాం.

ఇంకో చిక్కు. యూరియా ఆపి ఆకలితో మాడిస్తేనే నాచులో నూనె పెరుగుతుంది, మాడిస్తే ఎదుగుదల ఆగిపోతుంది. పైగా లీటరు నీళ్లలో నాచు గ్రాము అటూ ఇటూ, అంతే. కిలో ఎండు నాచు కావాలంటే టన్ను నీళ్లు తోడి వడకట్టాలి, ఆ మోటార్లకి కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఎక్సాన్‌మొబిల్ అంతటి అమెరికా చమురు కంపెనీ 2009లో 60 కోట్ల డాలర్ల దాకా పెడతానని చెప్పి, 2023 కల్లా పక్కకి తప్పుకుంది.

మెట్టలో మా బావమరిది చేత ఇలాగే డీజిల్ పేరు చెప్పి అడవి ఆముదం నాటించారు. మొక్కలమ్మినవాళ్లు గింజలు కొనడానికి రాలేదు. అందుకే పిల్లలూ, రైతు దగ్గరికి నాచు తేకండి, ముందు తక్కువ ఖర్చుతో నాచులోంచి ఆ నీళ్లు తీసే మిషన్ తయారుచెయ్యండి. ప్రయోగానికి ఎకరం చెరువు నేనిస్తా, లీజు వద్దు. వేసవిలో రండి, శ్రావణంలో మాత్రం వద్దు.