మీ వీధి రోడ్డు, కుళాయి, పార్కు: ఈ డబ్బంతా ఎక్కడిది?

[తెర మీద: పాత ట్రంకు పెట్టె. లోపల రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట.]

మా అమ్మ ఇంటి పన్ను రసీదు ఒక్కటి కూడా పారేయదు. కరెంటు బిల్లులు పారేస్తుంది, పెళ్లి కార్డులు పారేస్తుంది, ఇవి మాత్రం ఏ ఏటివి ఆ ఏటికి కట్టగట్టి దాస్తుంది. మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఆ కట్ట విప్పి కూర్చున్నాను. కారణం మా వీధి చివరి పార్కు.

[తెర మీద: పార్కు. కొత్త ప్రహరీ, కొత్త బోర్డు. లోపల ఒక పక్క గొలుసు తెగి వేలాడుతున్న ఉయ్యాల.]

ఆ పార్కులో ఉయ్యాల గొలుసు తెగి రెండేళ్లయింది. కానీ దాని చుట్టూ ఈమధ్యే లక్షలు పోసి ప్రహరీ కట్టారు. గోడకు దొరికిన డబ్బు గొలుసుకు ఎందుకు దొరకలేదు? ఈ వీడియో అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

[తెర మీద: రసీదు దగ్గరగా. ఒక్కో పద్దు కింద గీత పడుతుంది.]

ముందు రసీదు చదువుదాం. మన రెండు రాష్ట్రాల్లో ఇంటి పన్ను ఒకే ముద్దగా పుట్టలేదు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలో దాన్ని విడివిడిగా రాశారు: సాధారణ అవసరాల పన్ను, నీళ్లు మురుగు పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుద్ధ్యం పన్ను. అంటే మనం కట్టేది ఇంటికి కాదు, ఇంటి బయట ఉన్నవాటికి. దీని మీద గ్రంథాలయ సెస్సు కూడా ఉంది, రూపాయికి 8 పైసలు. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఊరి లైబ్రరీకి పేపర్లు రావడం లేదని విన్నప్పుడల్లా నాకు ఆ 8 పైసలు గుర్తొస్తాయి. మనం కట్టాం కదా!

ఈ పన్ను ఎంతో ఎలా తేలుస్తారు? తెలంగాణలో ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి, దాని మీద శాతం వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు స్థలం, కట్టడం కలిపి ఆస్తి విలువ చూస్తారు. నివాస గృహాలకు ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను పడుతుంది.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా.]

ఒక ఉదాహరణ చూడండి. ఆస్తి విలువ 20 లక్షలు, ఆ ఊళ్లో రేటు 0.12 శాతం అనుకుందాం. ఏడాదికి 2,400 రూపాయలు, ఆరు నెలలకు 1,200. నెలకు చూస్తే 200. చెత్త బండి, వీధి దీపం, కాలువ పూడిక, రోడ్డు గుంత, పార్కు తోటమాలి, అన్నీ ఇందులోనుంచే రావాలి. నెలకు ఇంట్లో పాల ప్యాకెట్లకు పెట్టేదానికన్నా ఇది తక్కువ. పన్ను పెంచాలని నేను చెప్పడం లేదు. అంకెను ఒకసారి కళ్లతో చూడమంటున్నాను.

మున్సిపాలిటీకి సొంత రాబడి ఇంకా ఉంది. మార్కెట్లో బండికి, గంపకు వసూలు చేసే ఆశీలు ఉంది, దాన్ని ఏటా వేలం పాటలో ఇస్తారు. మున్సిపల్ షాపుల అద్దెలు, కుళాయి చార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, ఇంటి ప్లాన్‌కు కట్టే ఫీజులు ఉన్నాయి. ఇల్లో స్థలమో కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ రోజున స్టాంపు డ్యూటీతో పాటు 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కడతారు. అది స్థానిక సంస్థల పేరిట వసూలయ్యే సొమ్మే. కాకపోతే అది ముందు రిజిస్ట్రేషన్ శాఖ చేతికి వెళ్లి, అక్కడి నుంచి ఊరికి రావాలి. ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నవాళ్లకు మామూలే. ఇక హోర్డింగుల మీద వేసుకునే ప్రకటనల పన్ను 2017లో జీఎస్టీ రావడంతో చేజారిపోయింది.

[తెర మీద: పైనుంచి కిందికి మూడు కుండలు, ఢిల్లీ, రాష్ట్రం, ఊరు. పై కుండ నుంచి నీళ్లు కింది కుండలోకి.]

ఇప్పుడు పెద్ద డబ్బు దగ్గరికి వద్దాం. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణాలు చేయాల్సిన పనులు 18 అని ఒక జాబితా ఇచ్చింది. రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా, పార్కులు, ఆట స్థలాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ పనులకు తగినంత డబ్బు పుట్టించే పన్నులు మాత్రం ఊరి చేతిలో పెట్టలేదు. జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఎక్సైజ్ లాంటివి పై కుండల్లోకి, అంటే ఢిల్లీకీ రాష్ట్రానికీ వెళ్తాయి. ఊరికి వచ్చేది గ్రాంటు. దేశంలోని మున్సిపల్ సంస్థలన్నిటి రాబడీ కలిపినా జీడీపీలో సుమారు 1 శాతమేనని రిజర్వ్ బ్యాంకు 2022 నివేదికలో తేల్చింది.

గ్రాంటు షరతులతో వస్తుంది. కేంద్రం పన్ను సొమ్ములో ఎవరికెంతో చెప్పేది ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 మార్చి వరకు పట్టణాలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఇచ్చే దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది, కానీ జీతాలకు వాడకూడదంది. ఆ చివరి మాట గుర్తుంచుకోండి, తోటమాలి దగ్గర మళ్లీ దానితో పని పడుతుంది.

ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు కూడా ఆగుతుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు ఆలస్యమయ్యేకొద్దీ పంచాయతీలకు రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. ట్రాక్టర్ డీజిల్‌కు, బోరు మోటారు రిపేరుకు పంచాయతీ కార్యదర్శులు పడిన టెన్షన్ ఆ ఊళ్లలో ఉన్నవాళ్లకు తెలుసు.

తర్వాత పథకాలు. 2015లో మొదలైన అమృత్ పథకంలో పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు ప్రాజెక్టు ఖర్చులో సగం, అంతకు మించితే మూడో వంతు కేంద్రం ఇచ్చింది. ఎక్కువ భాగం నీళ్లకు, మురుగు నీటి పైపులకు పోయినా, కొద్ది శాతాన్ని పార్కులకు కేటాయించారు. ఆ ఏళ్లలో చాలా పట్టణాల్లో ఒక్కసారిగా పిల్లల పార్కులు కనబడటానికి ఇదొక కారణం.

[తెర మీద: విశాఖ బీచ్ రోడ్డు, రాత్రి, తెల్లటి వీధి దీపాలు.]

ఖర్చు తగ్గించి, ఆ మిగులుతో అప్పు తీర్చే దారి ఒకటుంది, నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ వీధి దీపాలను నేలకూల్చింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ అనే సంస్థ తన పెట్టుబడితో సుమారు 90 వేల ఎల్ఈడీ దీపాలు పెట్టింది. ఎల్ఈడీలతో కరెంటు బిల్లు తగ్గింది, ఆ మిగులులోంచి కిస్తీలు కట్టే ఏర్పాటు చేశారు. పౌరుడి మీద కొత్త పన్ను వేయకుండానే నగరానికి మళ్లీ వెలుగొచ్చింది.

నేరుగా బజారులో అప్పు తెచ్చే దారి కూడా ఉంది, మున్సిపల్ బాండ్లు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతం వడ్డీకి తెచ్చింది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రాజెక్టుకు ఆ డబ్బు వాడింది. వడ్డీ ఒక్కటే ఏడాదికి 17 కోట్ల 80 లక్షలు. అదే ఏడాది డిసెంబరులో విశాఖ నగరపాలక సంస్థ 80 కోట్లు 10 శాతానికి తీసుకుంది. అప్పిచ్చేవాడు ఏం చూసి ఇస్తాడు? ఇంటి పన్ను ఎంత క్రమంగా వసూలవుతుందో చూస్తాడు. జీహెచ్ఎంసీ బాండ్లలో పన్ను సొమ్మును విడిగా ఒక ఖాతాలో వేసి, ముందు అప్పు వాటా తీశాకే మిగతాది ఖర్చుకు వదిలే ఏర్పాటు ఉంది. మనం ఏప్రిల్‌లో కట్టే పన్ను ఫ్లైఓవర్ అప్పుకు హామీ అన్నమాట.

నీళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌కు కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఎత్తిపోస్తే తప్ప రావు. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. మోటార్ల కరెంటు బిల్లు మాత్రం ఉచితం కాదు. వినియోగదారుడు కట్టనిది ప్రభుత్వ ఖజానా నుంచి రావాలి. అది రావడం ఆలస్యమైతే ముందుగా వాయిదా పడేది పాత పైపులు మార్చే పని.

[తెర మీద: లేఅవుట్ ప్లాన్. ఒక మూల ఆకుపచ్చ రంగు నిండుతుంది.]

ఇక పార్కు. చాలా పార్కుల స్థలం మున్సిపాలిటీ కొన్నది కాదు. లేఅవుట్ వేసినవాళ్లు మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీగా వదిలి, ఊరికి ఉచితంగా రాసివ్వాలి. అంటే ఆ స్థలం ఖరీదు అక్కడ ప్లాటు కొన్న ప్రతివాడూ గజం ధరలో భరించాడు. అనుమతి లేని లేఅవుట్లలో ఆ స్థలమే ఉండదు. అందుకే క్రమబద్ధీకరణకు వచ్చినవాళ్ల దగ్గర ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ వసూలు చేశారు. కానీ ఇళ్లన్నీ లేచాక ఆ డబ్బుతో అదే వీధిలో పార్కుకు స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. డబ్బు ఖజానాలో పడింది, పిల్లలు మాత్రం రోడ్డు మీదే ఆడుకుంటున్నారు.

[తెర మీద: మళ్లీ ఉయ్యాల.]

ఇప్పుడు గొలుసు సంగతి. మా వార్డు కౌన్సిలర్‌ను, ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లను కలిసి అడిగాను. ప్రహరీ పథకం నిధులతో కట్టారట. పథకం అంటే అంచనా, టెండర్, శిలాఫలకం, ఫొటో, చివరికి నిధుల వినియోగ పత్రం. అక్కడితో ఆ పద్దు మూసుకుంటుంది. ఉయ్యాల రిపేరు, తోటమాలి జీతం, బోరు కరెంటు మాత్రం 'జనరల్ ఫండ్స్' నుంచి, అంటే మన ఇంటి పన్ను, ఆశీలు, షాపు అద్దెల్లోంచి రావాలి. గ్రాంటుతో జీతం ఇవ్వకూడదని ఇందాక చెప్పుకున్నాం కదా. కట్టడానికి డబ్బు పైనుంచి వస్తుంది, కాపాడుకోవడానికి కింద పుట్టాలి. జనరల్ ఫండ్స్ తక్కువున్న ఊళ్లో ప్రతి కొత్త పార్కూ కొత్త ఖర్చే. సిమెంటు రోడ్డూ అంతే, వేసిన కాంట్రాక్టర్ పూచీ గడువు దాటాక పడే ప్రతి గుంతా ఊరి ఖాతాలోకే.

మీ ఊరి బడ్జెట్ మీరు చూడొచ్చు. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకుండానే దాన్ని బయట పెట్టాలి. అందులో మొత్తం ఎన్ని కోట్లో చూసి ఆగకండి. 'నిర్వహణ' అని రాసిన పద్దులు వెతకండి: పార్కుల నిర్వహణ, రోడ్ల నిర్వహణ, వీధి దీపాల నిర్వహణ. గత ఏడాది ఎంత రాశారు, ఎంత ఖర్చు పెట్టారు, రెండు గళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా ఊళ్లో పార్కుల నిర్వహణ గడిలో చాలా చిన్న అంకె ఉంది. వీధిలో పదకొండు మందిమి సంతకాలు చేసి, ఉయ్యాల రిపేరును కౌన్సిల్ అజెండాలో పెట్టమని అర్జీ ఇచ్చాం. రసీదుల కట్ట తీసుకుని అమ్మ కూడా వచ్చింది.

[తెర మీద: అర్జీ మీద పడిన ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ.]